అంగడి గోడకు సర్టిఫికెట్, హైదరాబాదులో చదువు

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులో బి.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా మామయ్యకు ట్రంకు రోడ్డులో మందుల అంగడి ఉంది. నాకు రిజిస్ట్రేషన్ రాగానే సర్టిఫికెట్ అంగడిలో పెడితే నెలనెలా కొంత డబ్బు ఇస్తాననీ, నేను హైదరాబాదులో నిశ్చింతగా ఎం.ఫార్మసీ చదువుకోవచ్చనీ ఆయన అంటున్నారు. అమ్మ మాత్రం సర్కారు ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగానికి ప్రయత్నించమంటోంది. ఏ దారి మేలు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందుగా మీ మామయ్యగారి మాట తేల్చుకుందాం. మన వైపు ‘సర్టిఫికెట్ బాడుగ’ అన్న మాట ఇంటి బాడుగంత మామూలైపోయింది గానీ, అది చట్టం ఒప్పుకోని పని. వైద్యుని చీటీ చూసి మందు ఇవ్వవలసినది రిజిస్టరైన ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. షెడ్యూల్ హెచ్1 (అమ్మకంపై గట్టి నిఘా ఉండవలసిన మందుల జాబితా) కింద ఉన్న క్షయ మందులు, కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మినప్పుడు వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం విడిగా ఒక రిజిస్టరులో రాసి, దానిని 3 ఏళ్లు భద్రపరచాలి. మీరు తరగతిలో ఉండగా అంగడిలో ఎవరో ఇచ్చిన మందు వికటిస్తే, డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు ముందుగా వెతికేది గోడ మీద ఉన్న మీ పేరునే. నెలనెలా వచ్చే ఆ డబ్బు కోసం ఇంత భారం ఎత్తుకోవద్దని నా గట్టి సలహా.

అంగడిలో నిజంగా కూర్చోదలిస్తే అది వేరే సంగతి. నా దృష్టిలో అది గౌరవమైన వృత్తి. మిట్టమధ్యాహ్నం ఉదయగిరి బస్సు ఎక్కబోతున్న పెద్దాయన ఇన్సులిన్ సీసాను చొక్కా జేబులో వేసుకుంటుంటే ఆపి, అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండవలసిన మందని చెప్పి, ఐసు పెట్టిన డబ్బాలో, ఐసుకు నేరుగా తగలకుండా సర్ది ఇవ్వడం ఫార్మసిస్టు పనే. ఇద్దరు డాక్టర్లు రాసిన రెండు చీటీలలో వేర్వేరు పేర్లతో ఒకే పారాసెటమాల్ ఉన్నదని పట్టుకోవడమూ అంతే.

అమ్మగారు చెప్పిన దారిలో పోస్టులు తక్కువ, డి.ఫార్మసీ (డిప్లొమా) వారితోనూ పోటీ ఉంటుంది, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు. దానికి దరఖాస్తు చేయండి గానీ, దాని కోసమే ఇంట్లో కూర్చోకండి. డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి మాత్రం బి.ఫార్మసీ పట్టా చాలు.

ఎం.ఫార్మసీ విషయానికొస్తే, జీప్యాట్ అనే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయకుండా చేరవద్దు. చివరి సంవత్సరం వారు కూడా ఆ పరీక్ష రాయవచ్చు. అర్హత సాధించి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) గుర్తింపు ఉన్న కళాశాలలో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది గనుక మామయ్యగారి డబ్బు అవసరమే ఉండకపోవచ్చు. హైదరాబాదు బాలానగర్‌లోని నైపర్ (జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ) ప్రవేశానికీ ఆ అర్హత కావాలి. ఎం.ఫార్మసీలో ఎనాలిసిస్ (మందుల నాణ్యతను పరీక్షించే శాఖ) చదివితే ఎక్కువగా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబులలో పని దొరుకుతుంది. అక్కడ రోజంతా యంత్రంతోనూ కాగితాలతోనూ గడపాలి, రోగి ముఖం కనిపించదు.

మనుషులా, యంత్రాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోలేరు. ఈ సెలవులలో రద్దీగా ఉండే సాయంత్రం వేళ, రోజుకు మూడు గంటల చొప్పున, ఒక నెల మామయ్యగారి అంగడిలో కూర్చుని చూడండి. మందు మాత్రం మీ చేత్తో ఇవ్వకండి. మీకింకా రిజిస్ట్రేషన్ రాలేదు.