ఇంత రాగి ఉండి కూడా జాంబియా ఎందుకు అప్పుల్లో పడింది?

ఆఫ్రికా దేశమైన జాంబియా ఎగుమతి ఆదాయంలో సుమారు 70 శాతం రాగిదే. ఆ రాగి ధర మాత్రం రాజధాని లుసాకా చేతిలో లేదు, లండన్ లోహాల మార్కెట్టులో తేలుతుంది. అసలు చిక్కు ఇదే. 1970ల మధ్యలో ధర కుప్పకూలితే, మళ్లీ పెరుగుతుందన్న ఆశతో ప్రభుత్వం అప్పులు చేసింది. ధర ఏళ్ల తరబడి కోలుకోలేదు, అప్పు మాత్రం మిగిలింది.

ధర పడగానే వచ్చే డాలర్లు తగ్గుతాయి, దేశ కరెన్సీ క్వాచా విలువ జారుతుంది, దిగుమతి చేసుకునే డీజిలు, ఎరువులు ప్రియమవుతాయి. గని ముఖం చూడని మొక్కజొన్న రైతు కూడా ఆ దెబ్బ తినడం నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపిస్తుంది. పైగా రాగిలో అత్యధిక భాగం తీగగానో మోటారుగానో మారకముందే దేశం దాటిపోతుంది. ఆ పరిశ్రమల ఉద్యోగాలూ దానితోనే పోతాయి. 2012 తర్వాత విదేశీ బాండ్లతో మళ్లీ అప్పులు పెరిగాయి. 2020 నవంబరులో వాటి వడ్డీ కట్టలేక ప్రభుత్వం చేతులెత్తేసింది.