కార్పొరేటర్ పంపిన పరువు నష్టం నోటీసు: చిన్న పత్రికకు రక్షణ ఏది?

ప్రశ్న: ముషీరాబాద్‌లో చిన్న వారపత్రిక నడుపుతున్నాను. మా డివిజన్‌లో నాలా పూడిక తీయకుండానే బిల్లులు చెల్లించారని, సమాచార హక్కు చట్టం కింద వచ్చిన పత్రాల ఆధారంగా రెండు నెలల క్రితం వార్త వేశాం. బేషరతు క్షమాపణ చెప్పాలని, 50 లక్షల పరిహారం ఇవ్వాలని, మాకు విషయం చేరవేసిన ఉద్యోగి పేరు వెల్లడించాలని, లేకుంటే క్రిమినల్ కేసు వేస్తామని కార్పొరేటర్ తరఫు న్యాయవాది నోటీసు పంపారు. రాజ్యాంగం ఇచ్చిన పత్రికా స్వేచ్ఛ మమ్మల్ని కాపాడదా?

జవాబు: పత్రికా స్వేచ్ఛ అంటూ రాజ్యాంగంలో విడిగా అధికరణం ఏదీ లేదు. పౌరులందరికీ 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటనా స్వేచ్ఛలోనే అది ఇమిడి ఉందని 1950 నాటి రొమేశ్ థాపర్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వస్తోంది. పరువు నష్టం వంటి కారణాలపై దానికి సహేతుకమైన పరిమితులు పెట్టడానికి 19(2) వీలు కల్పిస్తోంది. అంటే సంపాదకులైనంత మాత్రాన మీకు ప్రత్యేక మినహాయింపేమీ రాదు. అయినా మీరు రాసింది ప్రజాధనం గురించి, ప్రజా పదవి గురించి కనుక మీ పక్షం బలంగానే ఉంది. తన పన్ను డబ్బు ఏమైందో పాలకులే వచ్చి చెబుతారని ఓటరు కూర్చుంటే ఎన్నికలకు అర్థం ఉండదు. స్వతంత్ర పత్రికలు ప్రజాస్వామ్యానికి అత్యవసరమని సుప్రీంకోర్టు 2023లో మలయాళ వార్తా చానల్ మీడియావన్ కేసు తీర్పులో స్పష్టంగా చెప్పింది.

మీకు నేరుగా అక్కరకొచ్చేది 1994 నాటి ఆర్. రాజగోపాల్ తీర్పు. పదవిలో ఉన్నవారు తమ విధి నిర్వహణపై వచ్చిన రాతలకు పరిహారం రాబట్టాలంటే, నిజానిజాలను బొత్తిగా లక్ష్యపెట్టకుండా రాశారని వారే నిరూపించాలి. తగినంత విచారించాకే రాశామని మీరు చూపగలిగితే చాలు, ప్రతి వాక్యమూ నిజమని రుజువు చేయనక్కర్లేదు. దురుద్దేశంతో అబద్ధం రాసిన వారికి మాత్రం ఈ రక్షణ లేదు. అందువల్ల బిల్లుల నకళ్లతో పాటు, ప్రచురణకు ముందు కార్పొరేటర్ వివరణ కోరినట్లు దాఖలా ఉందో లేదో చూసుకోండి. ఇంకో విషయం: ఆ పత్రాలు చెల్లింపు జరిగిందని చూపుతాయే గాని, సొమ్ము ఆయన జేబులోకి వెళ్లిందని చూపవు. మీ శీర్షికలో ‘కాజేశారు’ వంటి మాట ఉంటే అసలు చిక్కు అక్కడే. దానికి సవరణ వేయడం మంచిది, మొత్తం వార్తకు క్షమాపణ అక్కర్లేదు.

పరువు నష్టాన్ని నేరంగా పరిగణించే చట్టం చెల్లుతుందని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. పోలీసులు నేరుగా కేసు కట్టలేరు. కార్పొరేటరే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేయాలి, మీ వాదన వినిపించే అవకాశం ఇచ్చాకే కోర్టు దాన్ని విచారణకు స్వీకరించాలి. ప్రజాహితం కోసం ప్రచురించిన నిజం నేరం కాదన్నది ఆ సెక్షన్‌లోని మొదటి మినహాయింపు.

ఉద్యోగి పేరు ఎదుటి న్యాయవాదికి చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) సెక్షన్ ఇచ్చే రక్షణ ఆ కౌన్సిల్ ముందు జరిగే విచారణలకే పరిమితం, కోర్టుల్లో అంతటి రక్షణనిచ్చే చట్టం లేదు. అయితే వార్తా మూలాల రక్షణ పత్రికా స్వేచ్ఛకు ప్రాథమిక షరతుల్లో ఒకటని ఫోన్లపై నిఘా పెట్టే పెగాసస్ సాఫ్ట్‌వేర్ కేసులో 2021లో ఇచ్చిన ఉత్తర్వులో సుప్రీంకోర్టు గుర్తించింది. మీ వార్త పత్రాల మీద నిలబడింది కనుక, జవాబు నోటీసులో ఆ ఉద్యోగి ఊసే ఎత్తకండి. పరిహారం దావాకు ప్రచురణ తేదీ నుంచి ఏడాది గడువు ఉంటుంది కాబట్టి అసలు పత్రాలను, విలేఖరి ఫోన్‌లోని సందేశాలను అప్పటిదాకా చెరపకుండా భద్రపరచండి.