కారు ఉంది, ఆర్సీ లేదు: 1967 ఫియట్ నా పేరుకు మారుతుందా?

ప్రశ్న: మా ఊళ్లో ఒక డాక్టరు గారి ఇంటి షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన 1967 ఫియట్ 1100 కారును రెండేళ్ల కిందట కొన్నాను. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. కొడుకు కూడా లేడు. మనవడు 100 రూపాయల స్టాంపు కాగితం మీద అమ్మకం రాసిచ్చాడు. ఆర్సీ పుస్తకాన్ని చెదలు తినేశాయి. డాక్టరు గారి కూతుళ్లిద్దరూ వేరే ఊళ్లలో ఉంటున్నారు. వింటేజ్ (50 ఏళ్లు నిండిన పాత వాహనం) కింద రిజిస్టర్ చేయిస్తే పాత కాగితాలతో పని లేదని ఒక ఏజెంటు చెబుతున్నాడు. నమ్మవచ్చా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నమ్మవద్దు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నియమాల్లో చేర్చిన వింటేజ్ నిబంధనలను నేను పలుమార్లు చదివాను. మన దేశంలో ఒకసారి రిజిస్టరైన కారుకు దరఖాస్తు చేసేటప్పుడు పాత ఆర్సీ జతచేయాలని వాటిలోనే ఉంది. పోయిన కాగితానికి వింటేజ్ నంబరు బదులు కాదు. కాగితం సంపాదించాకే ఆ నంబరు సంగతి.

మీ అసలు చిక్కు ఆర్సీ కాదు, అమ్మకం. ఆర్సీ అనేది రవాణా శాఖ రాసుకున్న నమోదు. యాజమాన్యం 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం చేతులు మారుతుంది. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి అమ్మలేరని ఆ చట్టంలోని 27వ సెక్షను సారాంశం. డాక్టరు గారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, వారు హిందువులైతే, ఆయన భార్యకు, కొడుకుకు, కూతుళ్లకు సమాన వాటాలు వచ్చాయి. మనవడి చేతికి వచ్చేది తండ్రి వైపు వాటా, అందులోనూ తల్లి, తోబుట్టువులు ఉంటే వారికీ భాగం ఉంటుంది. అంటే అతను మీకు మొత్తం కారు అమ్మలేదు. స్టాంపు కాగితం వెల ఎంతైనా ఆ లోటు తీరదు.

కాబట్టి మీరు ముందు వెళ్లవలసింది ఆ కూతుళ్ల దగ్గరికి. మేనల్లుడు చేసిన అమ్మకానికి తాము సమ్మతిస్తున్నామని, తమ వాటా వదులుకుంటున్నామని మిగిలిన వారసులందరి చేత రాయించుకోండి. కారు చరాస్తి కనుక ఈ పత్రాన్ని సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టర్ చేయించాలన్న నిర్బంధం లేదు. సాక్షులతో, నోటరీతో సరిపోతుంది. వాళ్లు వెనకాడితే ఒక్క విషయం నెమ్మదిగా చెప్పండి. కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాద పరిహారం కేసులో రిజిస్టరులో పేరున్న వ్యక్తే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. తండ్రి పేరు ఆ కారు మీద ఉన్నంతకాలం రేపు ఏదైనా జరిగితే నోటీసు వాళ్ల గడపకే రావచ్చు. పేరు మార్పిడి మీకెంత అవసరమో వాళ్లకూ అంతే అవసరం.

వారసులెవరో చూపడానికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. సక్సెషన్ సర్టిఫికెట్ కోసం కోర్టుకు వెళ్లమని ఎవరైనా అంటే ఆగండి. అది అప్పులకు, షేర్లు, బాండ్ల వంటి సెక్యూరిటీలకు సంబంధించినది, కారుకు కాదు.

ఇక చాసిస్ నంబరు, అంటే కారు చట్రం మీద కొట్టిన గుర్తింపు నంబరు. దాని మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయండి. తుప్పు ఉంటే కిరోసిను గుడ్డతో తుడవండి, గరుకు కాగితం మాత్రం తగలనివ్వకండి. తర్వాత ఆ కారు మొదట నమోదైన రవాణా కార్యాలయంలో బి రిజిస్టరు ఎక్స్‌ట్రాక్టు (నమోదు పుస్తకంలో ఆ కారు వివరాలున్న పుట నకలు) కోసం దరఖాస్తు పెట్టండి. కంప్యూటర్‌లో లేదు అన్న జవాబుతో తిరిగి రాకండి, చేతిరాత రిజిస్టర్లు వెతకమని రాతపూర్వకంగా అడగండి. సమాధానం రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, గడువు 30 రోజులు. నా కక్షిదారు ఒకరి విషయంలో అంచులు పొడిబారిన అలాంటి పుటలో నీలిసిరాతో రాసిన ఒక్క అంకె, 1 అనుకున్నది 7 అని తేలడంతో నాలుగు నెలల తిరుగుడు ముగిసింది.

నమోదు దొరికితే దారి తెలిసిందే. పోలీసు స్టేషనులో ఆర్సీ పోయినట్లు ఫిర్యాదు, ఫారం 26తో నకలు, ఫారం 31తో వారసుల పేరుకు, ఫారం 29, 30తో వారి నుంచి మీ పేరుకు. మరణించిన మూడు నెలల్లోపు వేయవలసిన ఫారం 31 ఆలస్యమైంది కాబట్టి అదనపు రుసుము పడుతుంది, హక్కు మాత్రం పోదు.

వారసులు దొరకకపోయినా, ఒప్పుకోకపోయినా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షను కింద హక్కు ప్రకటన దావా వేయాలి. వారసులతో పాటు రవాణా అధికారులనూ ప్రతివాదులుగా చేర్చాలి. ప్రభుత్వం మీద దావా కనుక సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షను 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ప్రకటన ఒక్కటే కోరి ఊరుకోకండి, మీ పేరు నమోదు చేయాలన్న ఆదేశమూ అడగండి. కారు మీ స్వాధీనంలో ఉండడం మీకు కలిసొచ్చే అంశం. స్వాధీనంలో ఉన్నవాడు యజమాని కాదనేవారే దాన్ని రుజువు చేయాలని సాక్ష్య చట్టం చెబుతుంది. అయితే ఈ దావాకు కాలపరిమితి మూడేళ్లు. మీకు ఇప్పటికే రెండేళ్లు గడిచాయి.

పేరు మారాక వింటేజా, మామూలు రెన్యువలా అన్నది నిర్ణయించుకోండి. వింటేజ్‌కు 50 ఏళ్లు నిండాలి, చాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. డీజిలు ఇంజను బిగించిన ఫియట్‌కు అది దక్కదు. తొలి రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కకూడదు. ఆదివారం పిల్లలను ఎక్కించుకుని, స్టీరింగు పక్కనున్న ఆ గేరు వేసుకుంటూ సూర్యలంక వెళ్లాలని ఉంటే ఫిట్‌నెస్ చూపించి ఫారం 25తో మామూలు రెన్యువలే అడగండి. మీ స్థానంలో ఉంటే నేను అదే చేస్తాను.

ఏజెంటు తుక్కు కింద పోయిన వేరే ఫియట్ ఆర్సీ తెచ్చి నంబరు కొట్టిస్తానంటే వెంటనే కాదనండి. అది ఫోర్జరీ. కారు జప్తవుతుంది, కేసు మీ మీద పడుతుంది. అన్నీ పూర్తయ్యే వరకు రోడ్డెక్కించకండి. రిజిస్ట్రేషను లేని బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షను కింద మొదటిసారే 2,000 నుంచి 5,000 రూపాయల జరిమానా. మెకానిక్ దగ్గరికైనా మరో బండి మీద ఎక్కించే తీసుకెళ్లండి. ఈ వారంలోనే చాసిస్ ముద్ర తీసి, డాక్టరు గారి పెద్ద కూతురికి ఫోను చేయండి.