సమాధానం: బావగారి కంపెనీలో లెక్కలు అడగడం ఎలా?

మీ సమస్య చదివాను. భీమవరం దగ్గర రొయ్యల మేత ప్రైవేట్ లిమిటెడ్‌లో మీకు 12 శాతం వాటా, ఎండీ మీ బావగారు. మూడేళ్లుగా వార్షిక సమావేశం లేదు, ముడిసరుకంతా ఆయన సొంత ఫర్మ్ నుంచే వస్తోంది. అడిగితే "ఇంట్లోవాళ్లం, మనలో మనకి లెక్కలేంటి" అంటున్నారు.

చాలా కంపెనీలు పాడయ్యేది ఆ మాట దగ్గరే. మొహమాటం ఉన్నచోట బోర్డు సంతకాలకే పనికొస్తుంది. సత్యం కంప్యూటర్స్ బోర్డులో పేరున్న ప్రొఫెసర్లే ఉన్నారు. అయినా 2008 డిసెంబర్‌లో చైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు సరేనన్నారు. ఆపింది ఇన్వెస్టర్ల గొడవే.

అప్పుడే లాయర్ దగ్గరికి పరిగెత్తకండి. ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో చిన్న ఫీజు కట్టి బ్యాలెన్స్ షీట్ తీయండి. అందులో 'రిలేటెడ్ పార్టీ' నోట్, అంటే సొంతవాళ్లతో జరిపిన లావాదేవీల వివరం, చూడండి. బావగారి ఫర్మ్‌తో లావాదేవీలు అక్కడ కనపడాలి, లేకపోతే మీ మొదటి ప్రశ్న అదే. జనరల్ మీటింగ్ (వాటాదారుల సమావేశం) మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని రికార్డు, చూసే హక్కు వాటాదారుగా మీకుంది, బోర్డు మినిట్స్‌కి లేదు. జరగని మీటింగ్‌కి మినిట్స్ నీట్‌గా రాసి ఉంటే మీకు మరీ మంచిది, దొంగ రికార్డు చేతికి చిక్కినట్టే.

వాటా 10 శాతం దాటింది కాబట్టి, 2013 కంపెనీల చట్టం సెక్షన్ 100 కింద మీటింగ్ పెట్టమని రాతపూర్వకంగా అడగండి. బోర్డు 21 రోజుల్లో కదలకపోతే మీరే పిలవొచ్చు. అప్పటికీ దారికి రాకపోతే, వాటాదారులకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు చేసే సెక్షన్ 241 కింద ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల వివాదాలు చూసే ట్రిబ్యునల్) వెళ్లండి.

మీ అక్కగారికి మాత్రం ముందే ఓ మాట చెప్పండి. నోటీసు వచ్చాక తెలిస్తే సంక్రాంతికి గుమ్మం ఎక్కనివ్వరు.