ఫోన్ ఆపితే పాట రావట్లేదా? ఇలా చేసి చూడండి

అక్కా, యాప్‌లో కథ నడుస్తున్నంతసేపు మీ మూడున్నరేళ్ల పాప గొంతు కలుపుతోంది, ఫోన్ ఆపేస్తే ఒక్క ముక్క కూడా రావట్లేదు అన్నారు కదా. మా బాబుతో నాకూ ఇదే అయింది. తప్పు పాపది కాదండీ, ప్రతి మాటా యాప్ ముందే అందించేస్తోంది.

ముందు సెట్టింగ్స్‌లో ఆటో ప్లే తీసేయండి, పేజీ పాపే తిప్పాలి. తర్వాత ప్రాస మాట దగ్గర మీరు ఆగండి. మేం కట్టుకున్న పాట ఒకటుంది: "పెరట్లోకి వచ్చింది పిల్లి, పాలు తాగి పోయింది..." అని ఆపి వాడి మొహం చూసేదాన్ని. మొదటి రెండు రోజులు మౌనమే. మూడో రోజు గిన్నె పక్కకి తోసి "మళ్ళీ!" అని అరిచాడు. ఆ ఆగడమే అసలు కిటుకు. తొందరపడి మీరే చెప్పేయకండి.

ఒక వారం ఒక్క పాటే చాలు. యాప్‌లో ఒకసారి, స్నానంలో, అన్నం కలిపేటప్పుడు ఫోన్ లేకుండా, చప్పట్లతో. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగానే దొరుకుతాయి, మీ గొంతుతో చదవండి. ఈ వయసుకి కూర్చుని స్క్రీన్ చూడటం రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పాటకి పది నిమిషాలు చాలు.