పాల కవర్ తీసుకుంటాడు, చిప్స్ కవర్ వద్దంటాడు, ఎందుకు?

"రెండూ ప్లాస్టిక్కే కదా, మా వీధిలో పాత సామాన్ల అతను పాల కవర్లు తీసుకుని చిప్స్ కవర్లు పక్కన పడేస్తాడేం?" అని అడిగారు. నేను హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామిక వాడలో ఒక చిన్న ప్లాస్టిక్ రీసైక్లింగ్ యూనిట్‌లో రెండేళ్లు లెక్కలు రాశాను. పేరుకే లెక్కలు, మనుషులు తక్కువైన రోజు సరుకు ఏరే పనీ నాదే.

పాల కవరంతా ఒకే రకం ప్లాస్టిక్, పాలిథిలిన్. ముడి చమురు నుంచి వచ్చే నాఫ్తాలాంటి వాటి నుంచి ఇథిలీన్ తీసి, ఆ అణువులను గొలుసులా కలిపితే తయారవుతుంది. కరిగించినా అదే ప్లాస్టిక్. మా దగ్గర కవర్లను ముక్కలు చేసి, కడిగి, ఆరబెట్టి, 200 డిగ్రీల దరిదాపుల్లో కరిగించి జాలీ గుండా నెట్టేవాళ్లు. సేమ్యాలా తీగలు సాగి నీళ్ల తొట్టిలో పడి గట్టిపడేవి. వాటిని కత్తిరిస్తే గింజలు, మావాళ్ల భాషలో దానా. రంగులన్నీ కలిసిపోతే నలుపు కలపడం ఒక్కటే దారి. చెత్త కవర్లు ఎక్కువగా నల్లగా ఉండేది అందుకే.

చిప్స్ కవర్ లోపలివైపు చూడండి, వెండిలా మెరుస్తుంది. అది అల్యూమినియం పూత. దానికి అటూ ఇటూ ప్లాస్టిక్ పొరలు, మధ్యలో ఇంకు, జిగురు. వాటిని విడదీసే ఖర్చు ఎవరికీ గిట్టదు. కొన్ని సిమెంట్ ఫ్యాక్టరీ బట్టీల్లోకి ఇంధనంగా పోతాయి, మిగతావి డంపింగ్ యార్డుకే.

వేరే రకం కలిస్తే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను, కళ్లు మండేలా. ఏదో బస్తాలో పీవీసీ, అంటే నీళ్ల పైపుల ప్లాస్టిక్, ముక్కలు వచ్చి మిగతా వాటితో పాటే కరిగించే యంత్రంలో పడ్డాయి. ఆ వేడికి పీవీసీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వదులుతుంది. ఘాటుకు దగ్గుతూ అందరం బయటికి పరుగు. ఆ తర్వాత అనుమానం వచ్చిన ప్రతి ముక్కనూ బకెట్ నీళ్లలో వేసి చూసేవాళ్లం. పాలిథిలిన్ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది.

మీరు ఇంట్లో చేయగలిగినవి రెండు. పాల కవర్ మూలను పూర్తిగా కత్తిరించకండి, కొంచెం అంటుకునే ఉండనివ్వండి. గోరంత ముక్క విడిగా పడితే ఎవరూ ఏరలేరు, కాలువలోకే పోతుంది. రెండోది, కవర్ కడిగి ఆరేసి ఇవ్వండి. మే నెలలో కడగని పాల కవర్ల బస్తా విప్పిన మనిషిని నేను. ఇప్పటికీ పెరుగన్నం సయించదు.