డిస్క్ పోయిందని అప్పుడే అనుకోకండి, ముందు దానికి 12 వోల్టులు ఇచ్చి చూడండి

మీరు అడిగినవి రెండు. నాన్నగారి పాత డెస్క్‌టాప్ ఆన్ కావడం లేదు, దాంట్లోని 500 జీబీ హార్డ్ డిస్క్ ఊడదీసి ఆన్‌లైన్లో కొన్న యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెడితే ఏమీ కనిపించడం లేదు, షాపులో డిస్క్ పోయిందన్నారు. రెండోది, కెమెరాలోని 64 జీబీ కార్డును పాత కార్డ్ రీడర్లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది. అన్నిటికన్నా ముందు ఒక మాట: దేనికీ ఫార్మాట్ నొక్కకండి. ‘ఇనిషియలైజ్ డిస్క్’ అని వచ్చినా సరే, క్యాన్సిల్ కొట్టి పక్కన పెట్టండి.

మాది అనంతపురం. మీకొచ్చిన కష్టమే నాకూ వచ్చింది. మా అవ్వ ఊర్లో అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ పాటలు పాడేది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులకు పోయినప్పుడల్లా ఫోన్లో రికార్డు చేసుకొచ్చి డెస్క్‌టాప్‌లో వేసుకునేవాణ్ణి. అవ్వ పోయిన ఏడాదికే ఆ డెస్క్‌టాప్ కూడా మూలపడింది. డిస్క్ తీసి, ఇంట్లో ఉన్న సన్న కేబుల్ తగిలిస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. టౌన్లో ఒక షాపుకు తీసుకుపోతే, ‘ఇది అయిపోయింది, హైదరాబాద్ పంపాలి, పదిహేను వేలవుతుంది’ అన్నారు. ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు.

తీరా చూస్తే డిస్క్‌కి ఏమీ కాలేదు. డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్క్‌కి రెండు రకాల కరెంటు కావాలి. లోపలి సర్క్యూట్‌కి 5 వోల్టులు, డేటా ఉండే గుండ్రటి పళ్లేలను తిప్పే మోటారుకి 12 వోల్టులు. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులే. ల్యాప్‌టాప్‌లో ఉండే 2.5 అంగుళాల చిన్న డిస్క్‌కి అది సరిపోతుంది, మీ చేతిలో ఉన్న కేబుల్ వాటి కోసం చేసిందే. మనం మోసపోయేది ఎక్కడంటే, పెద్ద డిస్క్‌కీ చిన్న డిస్క్‌కీ కేబుల్ తగిలించే సాకెట్ (దాన్నే సాటా అంటారు) అచ్చం ఒకేలా ఉంటుంది. కేబుల్ చక్కగా పట్టేస్తుంది. పట్టింది కదా, మరి పనిచేయడం లేదంటే డిస్కే పోయిందని అనుకుంటాం. పరీక్ష చాలా సులువు. కేబుల్ తగిలించి డిస్క్ మీద అరచేయి ఆనించండి. మోటారు తిరుగుతుంటే సన్నటి అదురు చేతికి తెలుస్తుంది. నా డిస్క్ బల్ల మీద రాయిలా పడి ఉండేది. మీదీ అలాగే ఉంటే సగం టెన్షన్ వదిలేయండి.

డిస్క్ మీది లేబుల్ చూడండి. 5 వోల్టులకు ఇన్ని ఆంపియర్లు, 12 వోల్టులకు ఇన్ని అని రెండూ రాసి ఉంటాయి. మీకు కావలసింది గోడ ప్లగ్గుకు పెట్టే పవర్ అడాప్టర్ కలిసి వచ్చే సాటా టు యూఎస్‌బీ 3.0 కన్వర్టర్, లేదా డిస్క్‌ను నిలబెట్టే డాక్. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉన్నది తీసుకోండి. ఇక్కడ నేను ఇంకో తప్పు కూడా చేశాను. విడి కన్వర్టర్ కొని, ఇంట్లో వైఫై రౌటర్ అడాప్టర్ దానికి పెట్టాను. 12 వోల్టులే, పిన్నూ సరిపోయింది. డిస్క్ ‘జుయ్’మని లేచి, రెండు క్షణాల్లో ఆగి, మళ్లీ లేచి, మళ్లీ ఆగింది. రౌటర్‌ది 1 ఆంపియరే. తిరగడం మొదలుపెట్టేటప్పుడు మోటారు చాలా ఎక్కువ లాగుతుంది, అదే దానికి అందలేదు. పిన్ను పట్టింది కదా అని ల్యాప్‌టాప్ ఛార్జర్ మాత్రం పెట్టకండి. అది చాలావాటిలో 19 వోల్టులు ఉంటుంది, బోర్డు కాలిపోతుంది.

సరైన అడాప్టర్‌తో వచ్చిన కన్వర్టర్ పెట్టాక డ్రైవ్ వెంటనే కనిపించింది. పాత విండోస్‌లోని యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే అనుమతి లేదంటుంది, కంగారు పడొద్దు. కంటిన్యూ నొక్కితే కాసేపటికి తెరుచుకుంటుంది. ముందు నాన్నగారి ఫోటోలు కాపీ చేయండి, సినిమాలూ పాటలూ తర్వాత. లోపల నీలం రంగున్న యూఎస్‌బీ 3.0 పోర్టులో పెడితే 500 జీబీ రెండు గంటల్లోపే అయిపోవచ్చు, పాత 2.0 పోర్టులో నాలుగైదు గంటలు పడుతుంది. మన ఎండాకాలంలో, డెస్క్‌టాప్ డబ్బా నుంచి బయటికి తీసి నడిపే డిస్క్ ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, నేను పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నాను. తిరుగుతున్నప్పుడు డిస్క్‌ను కదపొద్దు, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు. కరెంటు పోయే వేళ కాకుండా చూసుకోండి.

సరైన పవర్ ఇచ్చాక కూడా ‘టక్, టక్’ అని ఒకే తీరుగా కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. అది లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిన్న గుర్తు. అప్పుడు మాత్రం రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పోవాల్సిందే, ఇంట్లో ఎన్నిసార్లు ప్రయత్నిస్తే అంత నష్టం.

ఇక కార్డు సంగతి. ఇది చిన్న విషయం. 32 జీబీ వరకు ఉండేవి ఎస్‌డీహెచ్‌సీ, అంతకు మించినవి ఎస్‌డీఎక్స్‌సీ. ఈ రెండో రకం 2009లో వచ్చింది, అంతకుముందు తయారైన రీడర్లు చాలావరకు దీన్ని సరిగ్గా చదవలేవు. చదవలేక ఫార్మాట్ అడుగుతాయి. కార్డు మళ్లీ కెమెరాలో పెట్టి చూడండి. ఫోటోలు కనిపిస్తే కార్డు బాగున్నట్టే, కెమెరానే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి కాపీ చేసుకోవచ్చు. లేదా ఎస్‌డీఎక్స్‌సీ అని రాసున్న కొత్త రీడర్ కొనండి. మీది మైక్రో ఎస్‌డీ అయి, పెద్ద తొడుగులో పెట్టి వాడుతుంటే తొడుగు కూడా మార్చి చూడండి. దాంట్లో చిప్పేమీ ఉండదు, ఉత్త తీగలే, వదులైతే కనెక్షన్ పోతుంది. కార్డులో కొత్తగా ఏదీ రాయకుండా ఆపే, పక్కనున్న లాక్ మీట కూడా స్లాటులోకి తోసేటప్పుడు దానంతటదే జారుతుంటుంది. నా దగ్గరున్న తొడుగుకి ఆ మీట జారకుండా సన్నటి టేపు అంటించాను.

కన్వర్టర్ కొనే ముందు డిస్క్ వెనక వైపు ఒకసారి చూడండి. ఇంగ్లీషు ఎల్ ఆకారంలో రెండు సన్న సాకెట్లు ఉంటే సాటా. అలా కాకుండా రెండు వరుసల్లో సూదుల్లాంటి పిన్నులు ఉంటే అది పాత ఐడీఈ, దానికి వేరే కన్వర్టర్ కావాలి. ఏది కనిపించిందో, లేబుల్ మీద 12 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాసుందో ఇక్కడే రాయండి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక చూసి చెప్తాను.